సెక్కీ డిస్క్, ప్లాంక్టన్ నెట్ సెట్: కలక నీటిలో ఏ మేరకు నమ్మొచ్చు?

విశాఖలో కాలేజీ ల్యాబ్‌లకు సామాన్లు అమ్మే దుకాణాల్లో అడిగితే ఇచ్చే సెట్ ఇది. నీరు ఎంత తేటగా ఉందో కొలిచే 20 సెంటీమీటర్ల నలుపు తెలుపు డిస్క్ (ఇదే సెక్కీ డిస్క్), గుర్తులు పెట్టిన నైలాన్ తాడు, 30 సెంటీమీటర్ల అడ్డుకొలత మూతితో 60 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నాల నెట్, దాని కొసన చిన్న సీసా ఉంటాయి. కొండకర్ల ఆవ లాంటి లోతు తక్కువ నీళ్లలో కలక జంతు ప్లవకాలను (నీటిలో తేలుతూ బతికే చిన్న చిన్న జీవులను) ఏం చేస్తోందో చూడాలంటే కొనదగ్గదే. కానీ పెట్టెలోంచి తీసింది తీసినట్టు వాడితే లెక్క తప్పుతుంది.

డిస్క్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కింద వేలాడే బరువు మాత్రం తీసేయండి. లోతు తక్కువ కాబట్టి అది ముందే అడుగు తాకి బురద లేపుతుంది. డిస్క్‌కి ఆనించి చదునైన ఇనుప బిళ్ల బిగిస్తే చాలు. తాడు తడిస్తే పొడవు మారవచ్చు, కాబట్టి నానబెట్టాకే స్కేలుతో గుర్తులు సరిచూసుకోవాలి. పడవ నీడ పడే వైపు దించి, మాయమైన లోతు, పైకి లాగుతుంటే మళ్లీ కనబడిన లోతు రాసుకుని సగటు తీయాలి. పొద్దున పదికి మొదలుపెట్టి గాలి లేచేలోపు ముగించడం మేలు. గాలికి అడుగు మట్టి కదిలితే పొద్దుటి రీడింగ్‌తో మధ్యాహ్నపు రీడింగ్‌కి పొంతన ఉండదు. డిస్క్ అడుగున కూర్చున్నా కనిపిస్తోందంటే ఆ చోట రీడింగ్ లేనట్టే.

అసలు చిక్కంతా నెట్‌తోనే. ఈ మూతితో అర మీటరు నిలువుగా లాగితే లెక్క ప్రకారం 35 లీటర్లు వడకట్టాలి. తేట నీటిలో దాదాపు అంతే అవుతుంది. కలక నీటిలో సన్నటి మట్టి, నాచు కలిసి కన్నాలు పూడ్చేస్తాయి, నీరు లోపలికి పోకుండా మూతి దగ్గరే పక్కకి పొర్లిపోతుంది. మీరేమో 35తోనే భాగించి, కలక పెరిగితే జంతు ప్లవకాలు తగ్గాయని రాసేస్తారు. నిజానికి తగ్గింది నెట్‌లోంచి పోయిన నీరు! పైకెత్తాక నీరు జారకుండా సంచిలో నిలబడిందంటే పూడిపోయినట్టే, ఆ నమూనా పారబోయండి.

కలక నీటిలో నెట్ లాగడం మానేసి 10 లీటర్ల బకెట్‌తో నాలుగుసార్లు ముంచి నెట్‌లోకి నెమ్మదిగా పోయండి. మరీ బురదైతే రెండు బకెట్లు చాలు. బకెట్ చటుక్కున ముంచాలి, నీరు కదలగానే కోపిపాడ్‌లు (రొయ్య జాతికి చెందిన బుల్లి ప్లవకాలు) తప్పించుకుంటాయి. పోయడం అయ్యాక నెట్‌ని బయటి వైపు నుంచి కడిగితే గుడ్డకి అంటుకున్నవి సీసాలోకి దిగుతాయి.

నమూనా 45 మిల్లీలీటర్లుంటే 5 మిల్లీలీటర్ల మార్కెట్ ఫార్మలిన్, 2 గ్రాముల పంచదార కలపండి. పంచదార లేకపోతే డాఫ్నియా (నీటి ఈగ అనే ప్లవకం) జాతుల గుడ్లు సంచిలోంచి రాలిపోతాయి. ఒక మిల్లీలీటరు పోసి మైక్రోస్కోప్ కింద లెక్కపెట్టే పలక, సెడ్జ్‌విక్ రాఫ్టర్ సెల్, ఇందులో రాదు, విడిగా కొనాలి. 40 లీటర్ల నీటిని ఇలా 50 మిల్లీలీటర్లకు తెచ్చాక, ఒక మిల్లీలీటరులో 16 కనిపిస్తే లీటరుకి 20 అన్నమాట.

ఇంకో లోటు, ఏ రకం కలకో ఈ సెట్ చెప్పదు. సెక్కీ రీడింగ్ 30 సెంటీమీటర్లు బంకమట్టి వల్లా రావచ్చు, నాచు వల్లా రావచ్చు. ప్లవకాలకి రెండూ ఒకటి కాదు. డాఫ్నియా, మొయినా లాంటివి ఏరుకోకుండా వడకట్టి తింటాయి, మట్టి కడుపులో చేరి తిండి తగ్గుతుంది, గుడ్లూ తగ్గుతాయి. కోపిపాడ్‌లు ఏరుకుని తింటాయి కాబట్టి అంత దెబ్బ తినవు, రోటిఫర్లు (ఇంకా చిన్న ప్లవకాలు) కూడా చాలావరకు తట్టుకుంటాయి. మరోపక్క, కలకలో చేపకి చూపు ఆనదు, పెద్ద ప్లవకాలకి అదే రక్ష. అందుకే మొత్తం సంఖ్య ఒక్కటే రాస్తే ఏమీ తేలదు, గుంపుల వారీగా రాయాలి. తెల్ల వడపోత కాగితంలో ఒక గ్లాసు నీరు వడకట్టి చూడండి, మరక గోధుమరంగులో ఉంటే మట్టి, పచ్చగా ఉంటే నాచు.

తేట నీటిలో పగలు జంతు ప్లవకాలు తామరాకుల కింద, మొక్కల మధ్య దాక్కుంటాయి. నడి చెరువులోనే తీస్తే తక్కువ దొరుకుతాయి, మొక్కల అంచునా తీయాలి.

60 మైక్రాన్ల గుడ్డలోంచి చిన్న రోటిఫర్లు కొన్ని జారిపోతాయి. వాటి మీదే పనైతే 20 మైక్రాన్ల నెట్ అడగండి, అది ఇంకా త్వరగా పూడుతుందని గుర్తుంచుకుని బకెట్లు తగ్గించండి. కొనేటప్పుడు కొస సీసాలో నీళ్లు పోసి దుకాణంలోనే కారడం లేదని చూసుకోండి. వాడాక మంచినీళ్లతో కడిగి నీడలో ఆరేయండి, తడిగా చుట్టిపెడితే కుట్ల దగ్గర బూజు పట్టి గుడ్డ చిరుగుతుంది.