ఆరు వారాల బరువు ఛాలెంజ్‌లో డిపాజిట్ కట్టేముందు మీ డేట్ లెక్కేసుకోండి

ఆ రాగి జావ మేడమ్ కొత్త బ్యాచ్ వచ్చే సోమవారం మొదలవుతుందట. రీల్స్‌లో రోజూ కనిపిస్తుందిగా, స్టీల్ గ్లాసు పట్టుకొని "హాయ్ బంగారాలూ" అంటూ, ఆవిడే. పేరు నేను రాయను, రాస్తే ఆవిడ మనుషులు వచ్చి పోస్ట్ తీయించేస్తారు. స్లాట్లు అయిపోతున్నాయని కంగారు పెడుతోంది కాబట్టి డబ్బు పంపేలోపు ఇది చదవండి. ముఖ్యంగా నెలనెలా డేట్ వచ్చే ఆడవాళ్ళు.

ప్లాన్ ఏమిటో మీకు తెలిసే ఉంటుంది, తొందరగా చెప్పేస్తాను. మొత్తం 7,500. అందులో 3,500 ఫీజు, 4,000 డిపాజిట్. ఆరు వారాల్లో ఒంటి బరువులో 5 శాతం తగ్గితే డిపాజిట్ వెనక్కి ఇస్తారు. తగ్గకపోతే అది "మీ సీరియస్‌నెస్‌కి ఫీజు" అట. బరువు చూసుకోవడానికి వాళ్ళు అమ్మే స్మార్ట్ మెషిన్ మాత్రమే వాడాలి, దానికి ఇంకో 2,200. ఆఖరి రోజు వీడియో కాల్‌లో మెషిన్ ఎక్కి చూపించాలి. చేరేటప్పుడు ఒక ఫారం ఇస్తారు. అందులో వయసు, ఎత్తు, థైరాయిడ్ ఉందా, పీసీఓఎస్ ఉందా, చివరి పీరియడ్ ఎప్పుడు వచ్చింది అన్నీ ఉంటాయి. ఈ చివరి కాలమ్ గుర్తుపెట్టుకోండి.

నేను 68.4తో చేరాను. 65కి రావాలి. తిండి, నడక అన్నీ చెప్పినట్టే చేశాను, ఆ మాట ఆవిడే గ్రూప్‌లో రెండు మూడుసార్లు అంది. నాలుగో వారానికే 64.8 కనిపించింది. పండగ చేసుకున్నాను. మా ఆడపడుచుకి ఫోన్ చేసి మరీ చెప్పాను. తనని ఆ గ్రూప్‌లో చేర్పించింది కూడా నేనే, రిఫరల్‌కి 500 తగ్గుతుందని. నా తెలివి అలా ఏడ్చింది.

ఆఖరి వారం గురువారం 64.7. ఆ సాయంత్రం నుంచే పొట్ట ఉబ్బరం, ఉంగరం బిగుసుకోవడం, రొమ్ముల్లో సలుపు మొదలు. ఈ లక్షణాలు నాకు కొత్తేం కాదు. ఆదివారం రాత్రి ఆవిడకి పర్సనల్‌గా మెసేజ్ పెట్టాను: "మేడమ్, డేట్ దగ్గరకొచ్చింది, వాటర్ వెయిట్ కనిపిస్తోంది, ఫైనల్ వెయిట్ నాలుగైదు రోజులు ఆగి చూపించవచ్చా?" రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు.

సోమవారం పొద్దున లేచేసరికి పీరియడ్ వచ్చేసింది, అదీ ఒకరోజు ముందే. వీడియో కాల్‌లో మెషిన్ ఎక్కితే 66.0. ఆవిడ "ఓకే, నెక్స్ట్" అంది. సరే, తర్వాత మాట్లాడుతుందిలే అనుకున్నాను.

పది నిమిషాలకి గ్రూప్‌లో ఫొటో పడింది. నేను రాత్రి పెట్టిన మెసేజ్ స్క్రీన్‌షాట్. పైన కప్పు బొమ్మ పెట్టి "ఈ బ్యాచ్ బెస్ట్ సాకు అవార్డు" అని రాసింది. మహా మర్యాదగా నా పేరు మీద ఎర్ర గీత గీసింది. డీపీ మాత్రం అలాగే వదిలేసింది. మా పాప పుట్టినరోజుకి దిగిన ఫొటో అది, నా మొహం చందమామలా కనిపిస్తోంది. అది ఆడవాళ్ళ గ్రూప్ కూడా కాదు, కపుల్ ప్యాక్ తీసుకున్నవాళ్ళు మొగుడూ పెళ్ళాలు ఇద్దరూ ఉన్నారు. మా అపార్ట్‌మెంట్‌లో కింది ఫ్లోర్ ఆయన కూడా ఉన్నాడు. నవ్వుతూ కన్నీళ్ళు కార్చే బొమ్మలు వరసగా పడ్డాయి. ఎవరెవరు పెట్టారో నాకు ఇప్పటికీ గుర్తే.

అక్కడితో ఆగితే బాగుండేది. వెనకాలే వాయిస్ మెసేజ్. "చూడండి బంగారాలూ, పీరియడ్స్ నాకూ వస్తాయి. మా అమ్మకీ వచ్చాయి. నోరు కట్టుకోలేనివాళ్ళు నెలకో కారణం వెతుక్కుంటారు. మెషిన్ అబద్ధం చెప్పదు." ఆ గొంతు వినాలి మీరు, చిన్నపిల్లకి బుద్ధి చెప్తున్నట్టు. మా ఆడపడుచు వెంటనే ఫోన్ చేసింది. "వదినా, అది నీ మెసేజేనా?" అని అడిగింది. ఏం చెప్పాలి?

మీకు ఇంకో సంగతి తెలుసా? ఇదే మహాతల్లి ఈ ఏడాదే రీల్ చేసింది, "పీరియడ్స్ టైమ్‌లో బరువు పెరిగితే ఏడవకండి, అది కొవ్వు కాదు, నీళ్ళు" అని. పింక్ చీర కట్టుకొని చెప్పింది. ఆ రీల్ ఇంకా ఉంది, వెళ్ళి చూడండి. ఫ్రీగా చెప్పేటప్పుడు నీళ్ళు, 4,000 తిరిగివ్వాల్సి వచ్చేసరికి కొవ్వు.

ఇప్పుడు లెక్క చూద్దాం. గురువారం నుంచి సోమవారానికి 1.3 కిలోలు పెరిగాను. ఒక కిలో కొవ్వు అంటే సుమారు 7,700 కేలరీలు. 1.3కి పదివేలు. అంటే నా ఒంటికి రోజూ ఖర్చయ్యేది పోగా, ఆ నాలుగు రోజుల్లో పదివేల కేలరీలు అదనంగా మింగి ఉండాలి. ఇడ్లీకి అరవై కేలరీలు వేసుకున్నా నూట అరవై పైచిలుకు ఇడ్లీలు. పెళ్ళి వంటవాణ్ణి పెట్టుకోవాలి ఇంట్లో. పదోక్లాసు పాసైన ఎవరైనా వేయగలిగే లెక్క ఇది, "సర్టిఫైడ్ న్యూట్రిషన్ కోచ్" వేయలేకపోయింది.

అసలు జరిగేది ఇదీ. అండం విడుదలయ్యాక ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ పెరుగుతుంది, పేగులు కాస్త నెమ్మదిస్తాయి, కొందరికి మలబద్ధకం వస్తుంది, ఆకలి కూడా కొంచెం ఎక్కువవుతుంది. డేట్ దగ్గరకొచ్చేసరికి హార్మోన్ల ఎగుడుదిగుళ్ళతో ఒంట్లో ఉప్పూ నీరూ నిలుస్తాయి. ఆ పైన ఊరగాయో అప్పడమో తింటే ఇంకాస్త. నీరు డేట్‌కి ముందే నిలుస్తుందని మనం అనుకుంటాం గానీ, కెనడాలో ఏడాది పాటు ఆడవాళ్ళ చేత రోజూ రాయించి చూసిన ఒక పరిశోధనలో ఒళ్ళు ఉబ్బినట్టుండటం బాగా ఎక్కువగా ఉన్నది సరిగ్గా బ్లీడింగ్ మొదలైన రోజునే అని తేలింది. నేను వీడియో కాల్‌లో మెషిన్ ఎక్కింది ఆ రోజే. తర్వాత నాలుగైదు రోజుల్లో ఆ నీరు అదే దిగిపోతుంది. అందరికీ ఒకేలా ఉండదు, కొందరికి మెషిన్ మీద తేడానే కనిపించదు, కొందరికి కిలో పైన. నాది రెండో రకం. నిన్న పొద్దున చూసుకుంటే 64.4. అంటే వాళ్ళ టార్గెట్ కన్నా 600 గ్రాములు తక్కువే. ఫొటో తీసి పంపాను. "ఛాలెంజ్ క్లోజ్ డియర్, నెక్స్ట్ బ్యాచ్‌లో పది శాతం డిస్కౌంట్ ఇస్తా" అంది. డిస్కౌంట్!

మెషిన్ అబద్ధం చెప్పదట. ఆ 2,200 మెషిన్ సోమవారం నా కొవ్వు శాతం కూడా పెరిగిందని చూపించింది, ఆవిడ దాన్నీ చదివి వినిపించింది. ఆ మెషిన్ కొవ్వుని చూసేదేమీ లేదు. అరికాళ్ళ నుంచి సన్నటి కరెంట్ పంపి, ఒళ్ళు దాన్ని ఎంత అడ్డుకుంటుందో కొలిచి, వయసు, ఎత్తు కలిపి అంచనా కడుతుంది. ఒంట్లో నీళ్ళు మారితే ఆ అంచనా కూడా మారిపోతుంది. అందుకే ఆ వారంలో ఆ అంకె చూసుకోవడమే దండగ. గుండెకి పేస్‌మేకర్ పెట్టించుకున్నవాళ్ళు అయితే ఆ మెషిన్ ఎక్కనే కూడదు, ఆ హెచ్చరిక అట్ట మీదే ఉంటుంది. మా బ్యాచ్‌లో అరవై దాటినవాళ్ళూ ఉన్నారు. ఎవర్నీ అడిగిన పాపాన పోలేదు.

నాకు అసలు మండింది మొన్న రాత్రి క్యాలెండర్ ముందు కూర్చున్నప్పుడు. ఆరు వారాలంటే 42 రోజులు. 28 రోజుల సైకిల్ ఉన్నవాళ్ళకి అది సరిగ్గా ఒకటిన్నర సైకిల్. పీరియడ్ అయిపోయి ఒళ్ళు తేలిగ్గా ఉన్న రోజుల్లో మొదలుపెట్టినవాళ్ళు, లెక్క ప్రకారం ఆఖరి రోజుకి మళ్ళీ డేట్ ముందర ఉబ్బరంలోకి వచ్చి పడతారు. మొదటి బరువు బాగా తక్కువగా ఉన్నప్పుడు, ఆఖరి బరువు బాగా ఎక్కువగా ఉన్నప్పుడు! నేను ఒక వారం ముందే చేరతానంటే, "వద్దు డియర్, వచ్చే సోమవారం చేరు, పీరియడ్స్ నీరసం పోయి ఓపికగా ఉంటావు" అని ప్రేమగా చెప్పింది ఆవిడే. ఎంత శ్రద్ధో అనుకున్నాను. కావాలనే చేసిందా అంటే నేను ప్రమాణం చేసి చెప్పలేను. కానీ ఫారంలో నా డేట్ ఆవిడ దగ్గరే ఉంది. ఆ కాలమ్ దేనికి పెట్టినట్టు మరి? నాకు రాగి జావ ఎప్పుడు కాయాలో చెప్పడానికా?

గ్రూప్‌లో ఇంకొకటి చూశాను, డబ్బు సంగతి కన్నా ఇదే భయం వేసింది. ఒక చెల్లి ఫైనల్ రోజు కోసం డేట్ వాయిదా వేసే టాబ్లెట్ వేసుకున్నానని రాసింది, పూజలకీ పెళ్ళిళ్ళకీ మనవాళ్ళు వేసుకుంటారే, అవే. కోచ్ గారు చప్పట్ల బొమ్మ పెట్టింది. "డెడికేషన్ అంటే ఇదీ" అట. ఆ టాబ్లెట్లు హార్మోన్ మందులు. రక్తం గడ్డకట్టే సమస్య ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా ముట్టుకోకూడదు. పైగా వాటివల్ల కొందరికి ఒళ్ళు నీరుపట్టి ఉబ్బుతుంది కూడా, అంటే దేనికోసం వేసుకుందో దానికే ఎదురు. ఆ కోచే నాతోనూ ఫోన్‌లో అంది, "ముందే చెప్పుంటే నీళ్ళు దిగడానికి ఓ బిళ్ళ చెప్పేదాన్ని కదమ్మా" అని. నీళ్ళ బిళ్ళలంటే బీపీకీ, గుండె జబ్బుకీ, కిడ్నీకీ డాక్టర్ రాసిచ్చే మందులు. ఊరికే వేసుకుంటే పొటాషియం పడిపోవచ్చు, కళ్ళు తిరగొచ్చు, గుండె లయ తప్పొచ్చు. అయినా అది నీళ్ళేనని ఆవిడకి తెలుసన్నమాట. తెలిసి కూడా గ్రూప్‌లో "నోరు కట్టుకోలేనివాళ్ళు" అంది.

రూల్స్ పేజీలో "ఎటువంటి పరిస్థితుల్లోనూ రీఫండ్ లేదు" అని ఉందని ఆవిడ అసిస్టెంట్ నాకు పంపింది. నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ రాయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 5 లక్షల లోపు కేసుకి అక్కడ ఫీజు లేదు, వకీలు లేకపోయినా మనమే వేసుకోవచ్చు. 4,000 కోసం ఇంత అవసరమా అంటున్నారు మా ఆయన. 4,000 కోసం కాదు, ఆ డీపీ కోసం.

చేరేవాళ్ళు చేరండి, మీ ఇష్టం. చేరితే మొదటి బరువు, ఆఖరి బరువు సైకిల్‌లో ఒకే రోజున పడేలా ముందే రాయించుకోండి. అంటే ఆరో రోజు మొదలుపెడితే ముగించేదీ ఆరో రోజునే. నాలుగు వారాలో ఎనిమిది వారాలో అయితే చాలామందికి ఇంచుమించు కుదురుతుంది, 28 కాకుండా 32 రోజులకి వచ్చేవాళ్ళు దాన్నిబట్టి చూసుకోవాలి. అసలే ఎప్పుడొస్తుందో తెలియనివాళ్ళు డిపాజిట్ జోలికే వెళ్ళకండి. ఇంట్లో చూసుకునేవాళ్ళు పొద్దునే బాత్రూమ్‌కి వెళ్ళొచ్చాక, ఏమీ తాగకముందు, గచ్చు మీద మెషిన్ పెట్టి చూసుకోండి. క్యాలెండర్‌లో బరువు పక్కన సైకిల్‌లో ఎన్నో రోజో కూడా రాయండి. పోల్చేది నిన్నటితో కాదు, పోయిన నెల అదే రోజుతో. అంకె చూస్తే రోజంతా మూడ్ పాడయ్యేవాళ్ళు ఆ వారం మెషిన్‌ని మంచం కిందికి తోసేయండి. డేట్ అయిపోయినా దిగకుండా నెల నెలా పెరుగుతుంటే, కాళ్ళు వాస్తుంటే, డేట్లు తప్పుతుంటే అది నీళ్ళ సంగతి కాకపోవచ్చు, డాక్టర్‌కి చూపించుకోండి, కోచ్‌కి కాదు. మీ డేట్, మీ పర్సనల్ మెసేజ్‌లు ఏ గ్రూప్ అడ్మిన్ చేతికీ ఇవ్వకండి.

మా బ్యాచ్‌లో గానీ ముందు బ్యాచ్‌లలో గానీ ఇలాగే డిపాజిట్ పోయినవాళ్ళు ఉంటే నాకు చెప్పండి. పేమెంట్ రసీదు, చేరినప్పుడు నింపిన ఫారం, ఆఖరి రోజు బరువు ఫొటో ఉంటే చాలు. ఒకే రకంగా నష్టపోయినవాళ్ళు కమిషన్ అనుమతితో కలిసి ఒకే కేసు వేయొచ్చు. ఇప్పటికి నేనూ మా ఆడపడుచూ ఇద్దరం ఉన్నాం. తన డిపాజిట్ కూడా పోయింది, 200 గ్రాముల తేడాతో.