మూడు సమాధుల టికెట్టు: లక్సర్‌లో డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు

7వ రామ్‌సెస్, 4వ రామ్‌సెస్, 9వ రామ్‌సెస్. ఈజిప్టులో లక్సర్ ఊరి దగ్గర, పాతకాలపు రాజుల్ని పాతిపెట్టిన రాజుల లోయలో గైడు మాకు చూపించిన మూడు సమాధులూ ఇవి. మూడూ గేటుకి దగ్గర్లోనివే, మూడూ 20వ రాజవంశానివే. 750 ఈజిప్షియన్ పౌండ్ల టికెట్టు (2025 ధర, మన డబ్బులో ఇంచుమించు 1,300 రూపాయలు) యాభై నిమిషాల్లో అయిపోయింది. అక్కణ్ణించి పపైరస్ షాపుకి తీసుకెళ్ళి గంటా ఇరవై నిమిషాలు కూర్చోబెట్టాడు. సమాధుల లోపల గైడులు వివరించకూడదన్నది అక్కడి నియమం. చెప్పేదంతా బయట బోర్డు దగ్గరే చెప్పి, మనల్ని లోపలికి పంపి నీడ చూసుకుని నిలబడతారు. అంటే ఏ మూడు చూడాలో ఎంచడమే ఆ మనిషి చేయాల్సిన అసలు పని. అది నడక తక్కువ పడేలా ఎంచాడు. కాబట్టి ఆ పని మీరే చేసుకోండి.

ఒక్క టికెట్టు మీద ఆ రోజు తెరిచి ఉన్నవాటిలో ఏవైనా మూడు చూడొచ్చు. టుటన్‌ఖామున్, 1వ సేతి సమాధులకీ, 5వ, 6వ రామ్‌సెస్‌ల ఉమ్మడి సమాధికీ విడి టికెట్లు. ఎంచుకోవడంలో కిటుకు ఒకటే: మూడూ వేర్వేరు కాలాలవి కావాలి. 18వ వంశంలో సమాధిని ఎక్కడో కొండ పగుల్లో, నిట్టనిలువు మెట్లతో, మధ్యలో మలుపు తిప్పి తవ్వి దాచేవాళ్ళు. 19వ వంశంలో మలుపు క్రమంగా పోయి నడవా సూటిగా లోతుకి దిగింది, గోడలన్నీ చెక్కడాలతో నిండాయి. 20వ వంశంలో నడవాలు వెడల్పయ్యాయి, వాలు తగ్గింది, ద్వారం దాపరికం లేకుండా అందరికీ కనబడేలా పెట్టారు. అందుకే చివరి రామ్‌సెస్‌లవి మూడు వరసగా చూస్తే ఒకే ఇంట్లో మూడు గదులు తిరిగినట్టుంటుంది. 4వ రామ్‌సెస్‌ది చెడ్డదని కాదు. దాని నక్షా పపైరస్ మీద మూరల కొలతలతో సహా ఇటలీలోని టూరిన్ మ్యూజియంలో ఉంది, అది తెలిసి చూస్తే మజాయే వేరు. కానీ మూడింటిలో ఒకటి చాలు.

నా లెక్కలో మొదటిది 3వ తుత్‌మోస్ సమాధి, కేవీ 34 (కేవీ అంటే కింగ్స్ వ్యాలీ, అంకె సమాధి నంబరు). లోయ చివర, ఇనుప మెట్లెక్కి కొండ చీలికలోకి వెళ్ళి, మళ్ళీ లోపలికి దిగాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు మానుకోవడం మంచిది. మా బృందంలో ఒకావిడ సగం మెట్ల దగ్గరే కూలబడి, కిందికి వచ్చేదాకా మాతో మాట్లాడలేదు. కానీ అడుగున ఉన్న గది కోడిగుడ్డు ఆకారంలో, రాజుల పేర్లు రాసే కార్టూష్‌లా ఉంటుంది. గోడల మీద పాతబడ్డ కాగితం రంగు, దాని మీద నలుపు ఎరుపు గీతలతో పుల్లల్లాంటి మనుషులు. ఇది చేతకాక వేసింది కాదు. సూర్యుడు రాత్రి పన్నెండు గంటల్లో పాతాళం దాటే కథ (అమ్‌దువాత్) పపైరస్ చుట్ట మీద ఎలా రాసి ఉంటుందో అలాగే గోడకి ఎక్కించారు. రాజు ఒక పెద్ద పపైరస్ చుట్ట లోపల పడుకున్నట్టే.

రెండోది కేవీ 14. తౌసర్త్ అనే రాణి కోసం తవ్వినదాన్ని తర్వాత వచ్చిన సెత్‌నఖ్త్ ఆక్రమించాడు. ఆమె బొమ్మల మీద గార పూయించి తన బొమ్మ వేయించుకున్నాడు. రెండు పెద్ద సమాధి గదులున్నా జనం తక్కువ. మూడోది 3వ రామ్‌సెస్‌ది, కేవీ 11. తవ్వుతూ తవ్వుతూ పక్క సమాధిలోకి పొడుచుకుపోయారు. అందుకే నడవా కొంత దూరం పోయి పక్కకి జరుగుతుంది. తొలి నడవాకి ఇరువైపులా చిన్న గదుల్లో రొట్టెల తయారీ, పడవలు, వీణలాంటి హార్ప్ వాయించేవాళ్ళు ఉంటారు. రాజుల సమాధుల్లో ఇలాంటి మామూలు బతుకు బొమ్మలు అరుదు.

2వ రామ్‌సెస్‌ది చూపించరేమని చాలామంది గొడవపడతారు. అంత పేరున్న రాజు సమాధి వరద బురదతో నిండి శిథిలమైపోయింది. ఎడారిలో వాన ఎప్పుడో గానీ పడదు, పడితే లోయంతా వాగవుతుంది. సున్నపురాయి కింద షేల్ అనే మట్టిరాయి పొర ఉంటుంది. దానికి నీళ్ళు తగిలితే ఉబ్బుతుంది, స్తంభాలూ గోడలూ పగులుతాయి.

ఇక విడి టికెట్లు (కింద చెప్పేవి కూడా 2025 ధరలే). 1వ సేతి సమాధికి 2,000 పౌండ్లు, దాదాపు 3,500 రూపాయలు. ధర చూసి చాలామంది వెనక్కి తిరుగుతారు. చిత్రకళ మీద ఏ కాస్త ఆసక్తి ఉన్నా మిగతావన్నీ మానేసి ఇదొక్కటే చూడండి. 1817లో బెల్జోని అనే ఇటలీవాడు కనిపెట్టాడు. 137 మీటర్ల పొడవు. పైనుంచి చివరిదాకా గోడంతా ఉబ్బెత్తు చెక్కడం, దాని మీద రంగు. లోపలి గది కప్పు మీద ముదురు నీలంలో నక్షత్రాలు, వీపున మొసలిని మోస్తున్న నీటిగుర్రం. రాజు పడుకున్న, పాలరాయిలాంటి ఆలబాస్టర్ రాతి పేటిక మాత్రం అక్కడ లేదు, లండన్‌లో సోన్ మ్యూజియంలో ఉంది. గోడల్లోంచి కోసుకెళ్ళిన రెండు పలకలు లూవ్ర్‌లో, ఫ్లోరెన్స్‌లో ఉన్నాయి. అచ్చులు తీయబోయి కొన్నిచోట్ల రంగు ఊడగొట్టిన ఘనత కూడా బెల్జోనిదే.

మొదటి స్తంభాల గది పక్కనే, చెక్కడానికి నోచుకోని గది ఒకటుంది. దాన్ని దాటేసి పోకండి, పని ఎలా నడిచిందో తెలిసేది అక్కడే. ముందు రాయిని చదును చేస్తారు. రాయి బాగోలేని చోట గడ్డి కలిపిన మట్టి మెత్తి, పైన సన్నని జిప్సం గార పూస్తారు. జాజులో ముంచిన దారం బిగపట్టి లాగి వదిలితే గోడ మీద ఎర్రగీత పడుతుంది. మన వడ్రంగులు దుంగ మీద చేసేది ఇదే. అలా గళ్ళు కొట్టి, నిలబడ్డ మనిషికి అరికాలి నుంచి నుదుటి మీద జుట్టు మొదలయ్యేదాకా 18 గళ్ళు లెక్కపెట్టి గీస్తారు. శిష్యుడు ఎరుపుతో గీస్తే పెద్ద చిత్రకారుడు నలుపుతో దిద్దుతాడు. సేతి సమాధిలో ఆ దిద్దుబాట్లు ఇప్పటికీ కనిపిస్తాయి: ఎర్ర భుజం ఒకచోట, నల్ల భుజం వేలెడు కిందికి. తర్వాత శిల్పి ఆ గీత చుట్టూ రాయి తీసేస్తాడు, ఆఖర్న రంగు. ఎరుపు, పసుపు మట్టిరంగులు. నలుపు మసి. తెలుపు సుద్దలాంటి ఖనిజం. నీలం మాత్రం పుట్టింది కాదు, చేసింది: ఇసుక, సున్నం, రాగి కలిపి కొలిమిలో కాల్చి నూరేవాళ్ళు.

టుటన్‌ఖామున్ టికెట్టు 700 పౌండ్లు. నా మాట వింటే వద్దు. ఉన్న నాలుగు చిన్న గదుల్లో బొమ్మలున్నది ఒక్కదానికే. 1922లో దొరికిన ఐదువేలకు పైగా వస్తువులు అక్కడ లేవు, అవి చూడాలంటే గీజా దగ్గరి కొత్త మ్యూజియానికి వెళ్ళాలి. గాజుపెట్టెలో రాజు మమ్మీ ఉంది, అది చూడాలనే ఉబలాటం ఉంటే సరే. గోడల మీద గోధుమరంగు మచ్చలు చూసి జనం ముక్కున వేలేసుకుంటారు. అవి ఎప్పుడో చచ్చిపోయిన సూక్ష్మజీవుల ఆనవాళ్ళు, ఈ సమాధిని కనిపెట్టిన హోవార్డ్ కార్టర్ కాలపు ఫోటోల్లోనూ ఉన్నాయి. గార పూర్తిగా ఆరకముందే తలుపు మూసేశారని అంటారు. ఒక్క బొమ్మ మాత్రం గొప్పది: ఇతని తర్వాత రాజైన ఆయ్, చిరుతతోలు కప్పుకుని, చనిపోయిన రాజు నోటి దగ్గర బాడిస పట్టుకుని ఉంటాడు. మన వడ్రంగి బాడిసే. దానితో తాకి 'నోరు తెరిపిస్తే' గానీ చచ్చినవాడు తినలేడు, మాట్లాడలేడు. సాధారణంగా వారసుడు చేయాల్సిన పని ఇది. రాజయ్యే హక్కు తనదేనని ఆయ్ గోడ మీద రాయించుకున్నట్టే. అదే లోయ దారిలో, కార్టర్ ఉన్న ఇంటి దగ్గర, 2014లో పెట్టిన ఈ గది నకలు ఉంది. మచ్చలతో సహా అచ్చు అలాగే, తోపులాట లేకుండా.

6వ రామ్‌సెస్‌ది 220 పౌండ్లు. కళ్ళు మూసుకుని కొనండి. గది కప్పు నిండా రెండుసార్లు ఒళ్ళు సాచిన ఆకాశదేవత నూత్, సాయంత్రం సూర్యుణ్ణి మింగి పొద్దున కంటుంది.

కాపలావాళ్ళ సంగతి. ఫోనుతో ఫోటోలకి డబ్బు లేదు, ఫ్లాష్ నిషేధం. అయినా ఒకడు వచ్చి చెయ్యి పట్టుకుని తాడు దాటించి, "ఇక్కడ ఫ్లాష్ వేసుకో" అని సైగ చేస్తాడు, బయటికొచ్చేటప్పుడు చెయ్యి చాస్తాడు. చేయి పట్టుకోకముందే "లా, షుక్రన్" (అరబ్బీలో 'వద్దు, థాంక్స్') అనేయండి. అనకపోతే ఇరవై పౌండ్లు, ఒక సిగ్గుపడే ఫోటో. తాడు దాటి గోడని భుజంతో రాసుకుంటే ఆ గార పొడిపొడిగా రాలుతుంది. జనం ఊపిరిలోని తడే గోడలోని ఉప్పుని పైకి లాగుతోంది, దానికి మన చెమట కూడా ఎందుకు?

ఇప్పుడు అసలు సంగతి. దేర్ ఎల్ మదీనా. టికెట్టు 220 పౌండ్లు. ప్యాకేజీ టూర్లు చాలావరకు ఇటు రావు. రాజుల సమాధులు తవ్వి, గీసి, రంగులేసిన పనివాళ్ళ ఊరు ఇది, ఇళ్ళ పునాదులు వరసగా ఇంకా ఉన్నాయి. పనివాళ్ళు ఓడ సరంగుల్లా కుడి జట్టు, ఎడమ జట్టుగా ఉండేవాళ్ళు. పదిరోజుల వారంలో ఎనిమిది రోజులు పని. 3వ రామ్‌సెస్ 29వ ఏట ధాన్యం కూలి రాకపోతే పనిముట్లు పడేసి గుళ్ళ దగ్గర బైఠాయించారు. ఆ సమ్మె వివరాలు రాసిన పపైరస్ కూడా టూరిన్‌లోనే ఉంది.

వీళ్ళ సొంత సమాధులు చూడాలి. సెన్నెజెమ్‌ది 1886లో ముద్ర చెదరకుండా దొరికింది. వంగి దిగే మెట్లు, అడుగున పందిరిలాంటి కప్పున్న చిన్న గది. నలుగురు నిలబడితే ఐదోవాడు బయటే ఆగాలి. పసుపు నేల మీద రంగులు నిన్న వేసినట్టున్నాయి. ఒక గోడంతా ఇయారు పొలాలు, అంటే చచ్చాక దొరికే పల్లె: చుట్టూ కాలవ, అడుగున ఖర్జూరాలు. సెన్నెజెమ్ దున్నుతుంటే భార్య ఇయినెఫెర్తి వెనకాల గింజలు చల్లుతోంది. ఇద్దరూ ఇస్త్రీ మడత నలగని తెల్లబట్టల్లో! బురద అంటని వ్యవసాయం, రైతుబిడ్డ ఎవడైనా కోరుకునే స్వర్గమే. పక్కనే ఇన్‌హెర్‌ఖావ్ సమాధిలో చెవులు సాచిన పిల్లి కత్తితో పాముని నరుకుతుంటుంది. రాజుల గోడల మీద కొలతలకి కట్టుబడ్డ చేతులే ఇవి, తమ కోసం గీసుకున్నప్పుడు ఎంత హాయిగా కదిలాయో చూడండి. మెట్ల దగ్గర అలిగినావిడ ఇక్కడ గదిలోంచి బయటికి రానంది.

ఉన్నతాధికారుల సమాధులు విడివిడి టికెట్ల మీద గుంపులుగా ఉంటాయి. ఒకటే చూడగలిగితే రమోసెది. తెల్ల సున్నపురాతి మీద రంగు లేని చెక్కడం, కళ్ళకి మాత్రం కాటుక దిద్దినట్టు నల్లగీత. ఒక గోడ మీద రంగుల్లో ఊరేగింపు: మంచం, పెట్టె, చెప్పులు మోసుకెళ్ళేవాళ్ళు, చేతులెత్తి ఏడ్చే ఆడవాళ్ళు. రెండు చూడగలిగితే సెన్నెఫెర్‌ది కూడా కలపండి. ఎగుడుదిగుడు రాతి కప్పుని చదును చేయకుండా దాని మీదే ద్రాక్షతీగ పాకించారు, గెలలు వేలాడుతున్నట్టే ఉంటాయి. గోడల మీద పదే పదే కనిపించే వాక్యం నైవేద్యాలది: వెయ్యి రొట్టెలు, వెయ్యి కుండల బీరు, ఎడ్లు, బాతులు. చదివినవాడి నోట ఆ మాట వెలువడితే చాలు, పోయినవాడికి అందినట్టే. తద్దినం పెట్టే కొడుకు మానేసినా దారినపోయేవాడు చదివితే పని జరిగిపోతుందన్న ముందుచూపు.

నైలు తూర్పు ఒడ్డున, నది పక్కనే మమ్మీల తయారీ మీద చిన్న మ్యూజియం ఉంది. సమాధులకి ముందురోజు సాయంత్రం చూస్తే గోడల మీద బొమ్మలు సగం అర్థమైపోతాయి. మొత్తం తంతు 70 రోజులు. అందులో ఇంచుమించు 40 రోజులు శవాన్ని నేట్రాన్‌లో కప్పి ఆరబెడతారు. చాకలిసోడా, వంటసోడా కలిసి సహజంగా దొరికే లవణం అది. కాలేయం, ఊపిరితిత్తులు, పొట్ట, పేగులు తీసి విడిగా ఆరబెడతారు. గుండెని మాత్రం ఉంచేస్తారు, చచ్చాక జరిగే తీర్పునాడు ఈకతో తూచేది దాన్నే. హైదరాబాదువాళ్ళు దీనికోసం విమానం ఎక్కనక్కర్లేదు. పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంలో నిజాముల కాలంలో వచ్చిన మమ్మీ ఒకటుంది.

ఖర్చులు. విదేశీయులకి టికెట్ కౌంటర్లలో నగదు తీసుకోరు, కార్డే. బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ చెల్లింపులు ముందే ఆన్ చేసుకోండి, గేటు దగ్గర ఓటీపీ కోసం ఆకాశం చూస్తున్న మనవాళ్ళు కనిపించారు. అంతర్జాతీయ విద్యార్థి కార్డుంటే సగం ధర. రాజుల లోయ టికెట్టు అక్కడే ఇస్తారు. కానీ దేర్ ఎల్ మదీనా, అధికారుల సమాధుల టికెట్లు మెమ్నాన్ విగ్రహాల దగ్గరి కౌంటర్లో ముందే కొనుక్కోవాలి, సమాధి దగ్గర దొరకవు. బస సమాధులున్న పడమటి ఒడ్డున పెట్టుకుంటే ఉదయం ఆరింటికే గేటు దగ్గరుంటారు, టూరు బస్సులు తర్వాత వస్తాయి. మేము సగం రోజుకి టాక్సీకి 600 పౌండ్లు ఇచ్చాం, ఆగే చోట్లన్నీ ముందే కాగితం మీద రాయించుకుని. షాపుల్లో ఆగనని కూడా రాయించుకోండి.

షాపు అంటే ఆ పపైరస్ షాపే. ఆ నిర్బంధంలో తెలుసుకున్నది ఇది: అసలు పపైరస్ అంటే తుంగ కాడ లోపలి గుజ్జుని పేళ్ళుగా కోసి, అడ్డంగా నిలువుగా రెండు పొరలు పరిచి, బరువు కింద నొక్కి చేసేది. అంటించేది మొక్క రసమే. వెలుతురుకి పట్టి చూస్తే అడ్డనిలువు గళ్ళు కనిపించాలి, గీతలు ఎక్కడా ఒకేలా ఉండకూడదు. చుట్టచుడితే విరగకూడదు. వీధిలో పది పౌండ్లకి అమ్మేది అరటాకుతో చేసింది, మడిస్తే పెళుసుగా చిట్లుతుంది. షాపువాడు అసలుది చూపించి 1,800 అన్నాడు, లేచి నిలబడితే 900, గుమ్మం దాటితే 400. ప్యాకు చేసి ఇచ్చింది ఇంటికొచ్చాక వెలుతురుకి పట్టి చూశాం. గళ్ళు లేవు.