పుట్టించిన భాష మేలా, బజారు భాష మేలా?

లోకమంతా ఒక భాష మాట్లాడితే మనుషుల మధ్య పగలు తగ్గుతాయని నమ్మి, ఆ భాషను తనే తయారుచేసినవాడు జామెన్‌హాఫ్. 1859లో బ్యాలిస్టాక్‌లో పుట్టాడు. ఇప్పుడది పోలండ్, అప్పట్లో రష్యా ఏలుబడి. ఒకే ఊళ్లో యూదులు, పోలండ్ వాళ్లు, రష్యన్లు, జర్మన్లు ఎవరి భాషలో వాళ్లు ఉంటూ పక్కవాణ్ణి శత్రువులా చూడడం చిన్నప్పుడే గమనించాడు. కంటి వైద్యం చేసుకుంటూనే 1887లో ఆ భాషకు, అంటే ఎస్పెరాంటోకు, పుస్తకం తెచ్చాడు.

నేర్చుకోవడం వరకైతే దానిదే పైచేయి. ‘సానా’ అంటే ఆరోగ్యంగా ఉన్న. ముందు ‘మల్’ చేరిస్తే ‘మల్సానా’, జబ్బుపడ్డ. ‘మల్సానులో’ రోగి, ‘మల్సానులేయో’ ఆస్పత్రి. ఒక్క మాట పట్టుకుంటే నాలుగు చేతికొస్తాయి. ప్రత్యయాలు అంటించుకుంటూ పోవడం మనకు పుట్టుకతో వచ్చిన విద్యే కనుక నాకు భలే నచ్చింది. కాకపోతే ధాతువులు దాదాపు అన్నీ ఐరోపావే. ఫ్రెంచివాడికి సగం తెలిసిన మాటలు, మనకు అన్నీ కొత్తవి.

రెండోది ఇండోనేషియా దారి. రేవుల్లో వర్తకులు బేరాలాడుకున్న మలయ్‌ను ‘మన ఉమ్మడి భాష’ అని 1928 అక్టోబరు 28న బటావియాలో, అంటే ఇప్పటి జకార్తాలో, యువకులు ప్రతిన చేశారు. అక్కడ అన్నిటికంటే ఎక్కువమంది మాట్లాడేది జావా భాష. అయినా దాన్ని నెత్తిన పెట్టలేదు. మలయ్ ఎందుకు మేలైందో ఒక్క మాటలో తెలుస్తుంది. జావాలో తోటివాడితో తినడం ‘మంగన్’, మర్యాదగా చెబితే ‘నెదా’, పెద్దలు తింటే ‘దహార్’. మనకు నువ్వు, మీరు దగ్గర ఉండే జాగ్రత్త వాళ్లకు ఎన్నో మాటల్లో ఉంది. మలయ్‌లో మామూలుగా ఎవరు తిన్నా ‘మకన్’. పైగా పెద్ద జాతి సొంత భాష కాదు కనుక మిగతావాళ్లకు తలవంపు లేదు. 1945 రాజ్యాంగంలోకి ఎక్కింది. బడి, రేడియో, ఉద్యోగం దాని వెంట నడిచాయి.

నన్నడిగితే రెండోదే మేలు. భాషకు రోజూ చేసే పని ఉండాలి: బియ్యం కొనాలి, దరఖాస్తు రాయాలి, పెళ్లి మాటలాడాలి. ఎస్పెరాంటోకు స్నేహితులు దొరికారు గానీ సంత దొరకలేదు.

అయితే జామెన్‌హాఫ్ అసలు ఆశ ఏ ఉమ్మడి భాషతోనూ తీరేది కాదు. ఆయన ముగ్గురు పిల్లలనూ నాజీలు చంపేశారు. కొడుకు ఆడమ్‌ను 1940లో కాల్చారు, కూతుళ్లు సోఫియా, లిడియా 1942లో ట్రెబ్లింకా మరణశిబిరంలో పోయారు. మాట అర్థంకాక జరిగిన హత్యలు కావవి. అంత దూరం ఎందుకు, మనందరిదీ తెలుగే. తెలంగాణ మాటనూ మా ఉత్తరాంధ్ర మాటనూ సినిమాల్లో ఏళ్ల తరబడి నవ్వుకోవడానికే వాడారు. అర్థమవుతూనే ఉంది, మన్నన లేదు.

మాది ఇచ్ఛాపురం. బస్సెక్కితే కాసేపట్లో ఒడిశాలోని బరంపురం. అక్కడ నేను బట్టలు కొనే దుకాణాయన నాతో తెలుగులోనే మాట్లాడతాడు, ధర తెలుగులో చెబుతాడు, ఇంట్లో అందరూ కులాసానా అని తెలుగులో అడుగుతాడు. ఇన్నేళ్లలో నేను ఒక్కసారీ ఒడియాలో బదులివ్వలేదు. ఎస్పెరాంటోకు మూడు నెలలు పెట్టినదాన్ని, ఆయన భాషకు మూడు రోజులు పెట్టలేదు. ఈ వేసవిలో ఒడియా అక్షరాలు దిద్దడం మొదలుపెట్టాను.