కొబ్బరిచెట్టుకి రేకు పట్టీ: ఆరేళ్లు వాడాక చెబుతున్నా

చెట్టు మొదట్లో రాలిన లేత బొండాన్ని చేతిలోకి తీసుకుని ముచ్చిక పక్కన చూడండి. గుండ్రటి కన్నం ఉండి, దాని అంచున సన్నటి జంటపళ్ళ గీతలు కనిపిస్తే అది ఎలుక కొరికినదే. లోపల నీళ్లుండవు, లేత కొబ్బరి ఉండదు, చీమలుంటాయి. 2019 వేసవిలో వాకిలి ఊడ్చి ముగ్గేశాక నేను చేసే మొదటి పని ఇలాంటివి ఏరి పారేయడమే. ఒకరోజు మూడు, ఒకరోజు అయిదు.

మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. పక్కనున్న పాతపట్నం నుంచి ఆంధ్రా. మా పెరట్లో కొబ్బరిచెట్లు అయిదూ మా మావయ్యగారు కవిటి నుంచి మొక్కలు తెచ్చి నాటినవి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా మీదకొచ్చింది. రెండు కొబ్బరిచెట్లు, కాపుకొచ్చిన పనస చెట్టు పడిపోయాయి. మిగిలిన మూడూ మరుసటేడు కాసిన కొద్ది కాయల్నీ ఎలుకలు తింటుంటే నాకు కడుపు రగిలిపోయేది. కూలిన గోడల పెంకులు, కలప దుంగలు ఏడాదిపాటు పెరట్లోనే పోగుపడి ఉన్నాయి. ఎలుకలు కాపురం పెట్టింది ఆ పోగుల్లోనే. వరికోతలయ్యాక పొలాల్లోవి కూడా ఇళ్లవైపుకే వచ్చాయి.

ముందు చేతికందిన ఉపాయాలన్నీ చేశాను. ఎలుకల్ని శబ్దంతో తరిమేస్తుందన్న కరెంటు పరికరం ఆన్‌లైన్‌లో తెప్పించాను. నాలుగురోజులు కొంచెం తగ్గినట్టనిపించింది, అయిదోరోజు అది పెట్టిన అరుగు మీదే ఎలుక పెంటికలు. ఆ శబ్దం గోడల్నీ ఆకుల్నీ దాటి పోదు, ఎలుక కూడా దానికి అలవాటు పడిపోతుంది. ఆరుబయట చెట్లకి దాన్ని కొనకండి. కంచెకి గ్లైరిసిడియా కొమ్మలు కూడా పాతాను. ఆ పేరుకి ఎలుకల్ని చంపేదని అర్థమట. కంచె ఏపుగా పెరిగింది, పచ్చిరొట్టకి పనికొస్తోంది, ఎలుకలకి మాత్రం ఏమీ కాలేదు.

అప్పుడు రేకు పట్టీ సంగతి తెలిసింది. కొబ్బరి పరిశోధనవాళ్లు ఎప్పటినుంచో చెబుతున్నదే: నేలకి రెండు మీటర్ల ఎత్తున, మాను చుట్టూ 40 సెంటీమీటర్ల వెడల్పు జీఐ రేకు, అంటే జింకు పూత పూసిన ఇనప రేకు. నున్నటి రేకు మీద గోళ్లు పట్టక ఎలుక కిందికి జారిపోతుంది. ఎనిమిది బై నాలుగడుగుల పల్చటి రేకు ఒకటి పాతపట్నంలో కొన్నాం. నిలువునా కోస్తే మూడు పట్టీలొచ్చాయి. మా కొబ్బరిమాను చుట్టుకొలత మూడడుగులు, ఒకదాని మీద ఒకటి ఎక్కడానికి ఇంకో అరడుగు. అంటే ఒక పట్టీ రెండు చెట్లకొస్తుంది. ట్రంకు పెట్టెలు చేసే ముసలాయన దగ్గరికి తీసుకెళ్తే ఆయన రేకు అంచు మీద బొటనవేలు ఆనించి, "ఈ అంచు మడతెట్టకపోతే చెట్టెక్కినోడి కాలు తెగిపోద్దమ్మా" అన్నాడు. అరంగుళం లోపలికి మడిచి సుత్తితో అణిచి ఇచ్చాడు. ఆరేళ్లలో ఒక్కరికీ గీసుకోలేదంటే ఆయన చలవే.

కట్టి నెల తిరిగినా కాయలు రాలుతూనే ఉన్నాయి. డబ్బు దండగైందని ఇంట్లో అనుకున్నాం. కాయలు దింపడానికి వచ్చిన అబ్బాయి మొవ్వు దాకా ఎక్కి, "గూడుందమ్మా ఇక్కడ" అని పైనుంచి కేక వేశాడు. మట్టల మొదళ్ల మధ్య పీచుని పోగులుపోగులుగా చీల్చి గిన్నెలా మెత్తటి గూడు కట్టుకుంది, అందులో కళ్ళు తెరవని ఎర్రటి పిల్లలు ఆరు. ఎలుక పైనే కాపురముంటే కింద పట్టీ దాన్ని ఏం ఆపుతుంది? అందుకే పట్టీ కట్టేముందు మొవ్వు శుభ్రం చేయించాలి. ఎండు మట్టలు, ఎండు గెలలు, పాత పీచు అన్నీ దింపించేయాలి. ఆ పని చేయించిన పదిహేనురోజులకి కన్నాల కాయలు రాలడం ఆగింది. ఆ ఏడు ఇక్కడి కుమార పున్నమి పండగకి ఇంటి కొబ్బరికాయలే దేవుడి ముందు పెట్టాను, రెండేళ్ల తర్వాత.

మొదటి చెట్టుకి రేకుని మేకులతో కొట్టించాం. అది మళ్లీ చేయను. కొబ్బరిమానుకి గాయమైతే పూడదు, ఎర్రముక్కు పురుగు ఆ గాయాల వాసనకే వస్తుంది. తర్వాత రెండు చెట్లకీ రేకు కొసలు ఒకదాని మీద ఒకటి ఎక్కించి చిన్న బోల్టులతో బిగించాం. బోల్టు రేకులోనే ఉండాలి, చెట్టులోకి దిగకూడదు. కొబ్బరిమాను లావెక్కదు కాబట్టి కట్టిన బిగువు అలాగే ఉంటుంది.

మామిడి సంగతి వేరు. అది ఏటేటా లావెక్కుతుంది. నేను మూడేళ్లు పట్టించుకోలేదు. 2022లో చూద్దును కదా, బెరడు రేకు అంచు మీదకి పెదవిలా ఉబ్బి, పట్టీ కట్టిన బైండింగ్ వైరు వేలు పట్టనంతగా లోపలికి దిగిపోయి ఉంది. బెరడు కింది పొరల్లోంచే ఆకుల ఆహారం వేళ్లకి దిగుతుంది. చుట్టూ తెగితే చెట్టు బతకదు. ఎలుక బెరడు చుట్టూ కొరికినా జరిగేది అదే. ఆ వైరు కత్తిరిస్తున్నప్పుడు నా చేతులు వణికాయి. ఇప్పుడు మామిడికీ సపోటాకీ రెండు కొసల మధ్యా పాత సైకిల్ క్యారేజీ స్ప్రింగు తగిలించాం, మాను లావెక్కితే రేకు దానంతటదే సాగుతుంది. స్ప్రింగు దగ్గర తెరుచుకునే సందుని ఇంకో రేకు ముక్క కప్పుతుంది. ఏటా వానలకి ముందు విప్పి, కింద చేరిన చెదలు, చీమలు, బొద్దింకల్ని దులిపి, బెరడు ఆరనిచ్చి కడతాను. తేళ్లు ఉంటాయి, ఉత్త చేతులు పెట్టకండి.

ఇక అసలైన సంగతి. చెట్టు ఒంటరిగా నిలబడి ఉంటేనే పట్టీ పనిచేస్తుంది. ఎలుక నిలువునా రెండుమూడడుగులు ఎగురుతుంది, తీగల మీద నడుస్తుంది, కొమ్మ నుంచి కొమ్మకి దాటుతుంది. 2021 సెప్టెంబరులో గులాబ్ తుపాను గాలికి ఒక మట్ట విరిగి, రాలిపోకుండా వంటింటి పెంకుల మీదకి వేలాడింది. నేను చూసుకోలేదు. వారంలో ఆ ఒక్క చెట్టు కిందే కన్నాల కాయలు ఏడు దొరికాయి. బట్టలారేసే తీగ, కేబుల్ వైరు, గోడకి చేర్చిన నిచ్చెన, చెట్టుకి పాకిన కాకర తీగ, ఏదైనా సరే దానికి వంతెనే. మామిడికి ఆరడుగుల లోపు కొమ్మలన్నీ తీయించాను. ఆ ఏడు కాపు తగ్గింది, నాకు బాధేసింది. కానీ కింద కొమ్మలుంచి పట్టీ కట్టడం గుమ్మం తెరిచి కిటికీకి గడియ పెట్టినట్టే.

ఉడతలు దీనికి ఆగవు. అవి పగటిపూట పక్కచెట్టు మీంచి దూకుతాయి. గబ్బిలాలకీ ఇది అడ్డు కాదు. సపోటా కింద నమిలి ఉమ్మేసిన పిప్పి ముద్దలు కనిపిస్తే ఆ తప్పు గబ్బిలాలదే, రేకుని తిట్టకండి.

పందికొక్కుకి మానుతో పనే లేదు. తిత్లీ తర్వాత నాటిన కొబ్బరిమొక్కలు రెండింటినీ అది నేలలోంచి వచ్చి మొదలు కొరికి లోపలి లేత గుజ్జు తినేసింది. మళ్లీ నాటినప్పుడు అరంగుళం కళ్ల వెల్డ్ మెష్ ఇనపవలని గొట్టంలా చుట్టి, అడుగు లోతు పాతి, రెండడుగులు పైకి ఉంచాం. ప్లాస్టిక్ వల పెట్టకండి, రాత్రికి రాత్రే కొరికేస్తాయి. ఆ రెండు మొక్కలూ బతికాయి.

మందు గురించి నా మాట సూటిగా చెబుతాను. 2020 లాక్‌డౌన్‌లో బ్రోమాడియోలోన్ బిళ్ళలు మొవ్వులో పెట్టించాను, చెట్టుకి పది గ్రాములు, పన్నెండు రోజుల ఎడంతో రెండుసార్లు. ఎలుకలు తగ్గిన మాట నిజమే. కానీ ఈ మందు తిన్న ఎలుక వెంటనే చావదు, రక్తం గడ్డకట్టక కొన్ని రోజులకి చస్తుంది. ఈలోపు మత్తుగా తిరుగుతుంటే పిల్లి సులువుగా పట్టేస్తుంది. పక్కింటి ఒడియావాళ్ల పిల్లి ముక్కున రక్తం కారుతూ మా అరుగు మీద పడుకుంది. పశువుల డాక్టరు విటమిన్ కె ఇంజెక్షన్లు చేస్తే బతికింది. ఆ ఇంటి పెద్దావిడని నేను మావుసీ అంటాను, ఒడియాలో పిన్ని అని. "మూషా (ఎలుక) కోసం పెట్టావు, నాకు తెలుసు" అని మాత్రం అంది, ఇంకేమీ అనలేదు. ఆ రోజు నుంచి పెరట్లో మందు పెట్టలేదు. గూబలు కూడా ఆ ఎలుకల్నే తింటాయి. జింకు ఫాస్ఫైడుకీ, ట్యూబుల్లో అమ్మే పసుపు భాస్వరం పేస్టుకీ సరైన విరుగుడే లేదు. పిల్లలున్న ఇంట్లో అవి అసలు ఉండకూడదు.

మందు బదులు బోను వాడుతున్నాను. ఎలుక కొత్త వస్తువుని నమ్మదు. బోను తలుపు తీసి కట్టేసి, మూడునాలుగు రాత్రులు ఊరికే ఎర పెట్టి తిననివ్వాలి, తర్వాత కట్టు విప్పాలి. కాల్చిన కొబ్బరిముక్క, లేదా ఎండుచేప తల.

పట్టీల మన్నిక బాగుంది. రేకు కోసిన చోట నాలుగో వానాకాలానికి తుప్పు మొదలైంది, అక్కడ రంగు పూశాం. కాయలు దింపే అబ్బాయికి మాత్రం ఇబ్బందే, కాళ్లకి కట్టుకున్న తాడు రేకు మీద జారుతుంది. పట్టీ పై అంచు దాటేదాకా నిచ్చెన వేసి పట్టుకుంటాం, ఆ పైన అతను మామూలుగా ఎక్కుతాడు. దిగగానే నిచ్చెన తీసేయాలి.

జామకీ దానిమ్మకీ దారి దొరకలేదు. నేల దగ్గర్నుంచే గుబురుగా కొమ్మలేస్తే పట్టీ ఎక్కడ కడతాం? గుడ్డసంచులు కడుతున్నాను, కొన్ని దక్కుతాయి, కొన్నింటిని సంచితో సహా కొరికేస్తాయి. జామకాయ రంగు తిరగ్గానే కోసి బియ్యంలో మాగబెట్టడమే.

మావుసీ తిత్లీ తర్వాత నాటిన రెండు కొబ్బరిమొక్కలు ఈ ఏడు మొదటి గెలలేశాయి, మానులు ఇప్పుడే ఆరడుగులు దాటాయి. మా దగ్గర మిగిలిన పట్టీ వాటికి సరిపోతుంది. వచ్చే ఆదివారం కడుతున్నాం. ఒక చెట్టు మా ప్రహరీకి జానెడు దూరంలో ఉంది, ముందు ఆ వైపు మట్టలు నరికించాలి.