టాక్రోలిమస్‌తో పదకొండేళ్లు

అమ్మ ఇచ్చిన కిడ్నీ పెట్టి పదకొండేళ్లయింది. ఆ కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా పొద్దున తొమ్మిదికి, రాత్రి తొమ్మిదికి టాక్రోలిమస్ అనే మందు. దాంతోపాటు అదే పనికి మైకోఫెనోలేట్ అనే ఇంకో మందు, పొద్దున ఒక చిన్న స్టెరాయిడ్ బిళ్ల. మూడింట్లో నేను ఎక్కువ నమ్మేదీ, ఎక్కువ భయపడేదీ టాక్రోనే. 1984లో జపాన్‌లోని త్సుకుబా దగ్గర మట్టిలో దొరికిన బాక్టీరియా నుంచి తీశారు దీన్ని. ఇంగ్లీషు పేరులో మొదటి అక్షరం T ఆ ఊరిదే.

మొదటి మూడు నెలలు చేతులు వణికాయి. నేను బళ్లో లెక్కలు చెబుతాను. బోర్డు మీద సున్నా చుడితే వంకాయలా వచ్చేది, పిల్లలు నవ్వేవాళ్లు. డోసు తగ్గాక వణుకూ తగ్గింది గానీ, కాఫీ కప్పు ఇప్పటికీ రెండు చేతులతోనే పట్టుకుంటాను. జుట్టు పలచబడింది. రెండో ఏట షుగర్ వచ్చింది. మా ఇంట్లో ఎవరికీ లేదు, టాక్రో, స్టెరాయిడ్ కలిసి తెచ్చిపెట్టాయన్నారు డాక్టరు.

వీటన్నిటికంటే పెద్ద తంటా లెవెల్. రక్తంలో ఈ మందు ఎక్కువైతే కిడ్నీనే దెబ్బ తీస్తుంది. తక్కువైతే ఒళ్లు ఆ కిడ్నీని పరాయిదని పసిగట్టేస్తుంది. నాకు 5 నుంచి 7 మధ్య ఉండాలన్నారు. పొద్దుటి డోసు వేసుకోకముందే రక్తం ఇవ్వాలి. మొదట్లో ఒకసారి బిళ్ల వేసుకుని ల్యాబుకి వెళ్లాను. 14 వచ్చింది, ఇల్లంతా టెన్షన్.

అసలు దెబ్బ ఐదో ఏట తగిలింది. స్టాకు లేదని మందుల షాపువాళ్లు వేరే కంపెనీ టాక్రో ఇచ్చారు. "మందు అదేనండీ, పేరే వేరు" అన్నారు. డాక్టరుకి చెప్పలేదు, లెవెల్ చూపించుకోలేదు. అది నా తప్పు. పైగా పరీక్షల డ్యూటీల్లో పడి రాత్రి డోసులు నాలుగైదు మరిచాను. రెండు నెలల తర్వాత చూస్తే లెవెల్ 3.1. కిడ్నీ సరిగ్గా పనిచేయకపోతే రక్తంలో పెరిగే క్రియాటినిన్ 1.2 నుంచి 1.7కి పెరిగింది, మూత్రంలో ప్రోటీన్ పోతోంది. నొప్పి లేదు, జ్వరం లేదు, మూత్రం మామూలుగానే వచ్చేది! బయాప్సీ చేస్తే, అంటే కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి పరీక్షిస్తే, రిజెక్షన్, అంటే ఒళ్లు కిడ్నీని తిప్పికొట్టడం, మెల్లగా మొదలైందని తేలింది. మూడు రోజులు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చి, డోసు పెంచారు. క్రియాటినిన్ 1.5 దగ్గర ఆగింది. 1.2 మళ్లీ చూడలేదు.

ఇప్పుడు స్ట్రిప్ మీద కంపెనీ పేరు చదవకుండా డబ్బులివ్వను. తామరకని చర్మం డాక్టరు ఫ్లుకోనజోల్ రాస్తే, ముందు కిడ్నీ డాక్టరుకి ఫోన్ చేశాను. అది లెవెల్ పెంచేస్తుందట, డోసు మార్చి మరీ వాడించారు. విరేచనాలు పట్టుకున్నా లెవెల్ పెరగొచ్చు, ఊరుకోకూడదు. వినాయక చవితికి పాలవెల్లికి కట్టే పంపరపనస కూడా నాకు నిషేధమే. దేవుడికి పెడతాం, ప్రసాదం నా వాటా మా తమ్ముడికి.

ఈ మధ్య రోజుకొక్కసారి వేసుకునే టాక్రోకి మారదామంటున్నారు డాక్టరు. రాత్రి డోసు గొడవ పోతుంది. మారాక కొన్నాళ్లు తరచుగా లెవెల్ చూపించుకోవాలి కాబట్టి వేసవి సెలవుల దాకా ఆగమన్నాను.