ఫోన్‌లో 21 శాతం అంటే ఎంత? మూడేళ్ల వాడకం తర్వాత నా అనుభవం

2022 దసరాకి కొన్న ఫోన్ ఇది. కెమెరా, ర్యామ్, ప్రాసెసర్ గురించి రాయను. అప్పట్లో పదహారు వేలకు వచ్చే ఫోన్లలో ఏం ఉండేవో ఇందులోనూ అవే ఉన్నాయి, 5000 ఎంఏహెచ్ బ్యాటరీతో సహా. నా కోపమంతా స్క్రీన్ పైన మూలలో కనిపించే ఆ బ్యాటరీ శాతం అంకె మీదే. దాన్ని నమ్మి రెండేళ్లు నా రోజంతా లెక్కేసుకున్నాను. అది నన్ను ఊరు కాని ఊళ్లో, చీకటి పడే వేళ నిలబెట్టింది.

ముందు నా పని గురించి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. నేను మెడికల్ రిప్రజెంటేటివ్‌ని. ఫోన్ కొన్నప్పుడు ఖమ్మం టౌన్ చూసేవాణ్ని. 2023 ఎండాకాలంలో భద్రాచలానికి మార్చారు. వారానికి రెండు రోజులు దుమ్ముగూడెం, చర్ల రూటు, ఒక రోజు గోదావరి బ్రిడ్జి దాటి పాల్వంచ, కొత్తగూడెం, మిగతా రోజులు భద్రాచలంలోనే. తిరుగుడంతా బైకు మీదే. డాక్టర్‌ని కలిసిన ప్రతిసారీ కంపెనీ యాప్‌లో లొకేషన్‌తో సహా ఎంట్రీ పెట్టాలి. మెడికల్ షాపుల వాళ్లు ఆర్డర్లు వాట్సాప్‌లో పెడతారు, వాటిని స్టాకిస్టుకి పంపాలి. టీ తాగినా, పెట్రోల్ కొట్టించినా డబ్బులు ఫోన్‌లోంచే. ఫోన్ ఆగితే ఆ రోజుకి నా పని ఆగినట్టే.

ఖమ్మంలో ఉన్న మొదటి కొన్ని నెలలు ఈ ఫోన్‌ని అందరి దగ్గరా మెచ్చుకున్నాను. ఆరున్నర గంటలు స్క్రీన్ వెలిగినా రాత్రి ఇంటికి చేరేసరికి 30 శాతం మిగిలేది. సెలవు రోజుల్లో ఒక్క చార్జింగ్ రెండు రోజులు వచ్చేది. నా మాట విని మా బావమరిది, మా టీమ్‌లో ఇద్దరు ఇదే కొన్నారు. నేను అబద్ధం చెప్పలేదు. కానీ ఆ ఆరున్నర గంటల్లో సగానికి పైగా ఇంటి వైఫై మీదో, టవర్ పక్కనే ఉన్న హాస్పిటల్ వెయిటింగ్ హాల్లోనో గడిచినవి. ఆ సంగతి అప్పుడు నాకూ తట్టలేదు, వాళ్లకీ చెప్పలేదు.

చర్ల రూటులో తిరగడం మొదలుపెట్టాక లెక్క తప్పింది. పొద్దున ఏడింటికి 100తో బయల్దేరితే సాయంత్రం ఐదుకి 25 ఉండేది. స్క్రీన్ టైమ్ చూస్తే మూడున్నర గంటలు కూడా లేదు. ఖమ్మంలో వాడినదాంట్లో సగం వాడితే బ్యాటరీ ఇంకా ముందే అయిపోతోంది. ఏదో యాప్ తినేస్తోందనుకుని అవసరం లేనివన్నీ తీసేశాను. స్క్రీన్ మీద బొమ్మ సెకనుకి ఎన్నిసార్లు మారుతుందో చెప్పే రిఫ్రెష్ రేటు 120 నుంచి 60కి తగ్గించాను. డార్క్ మోడ్ పెట్టాను. నాకు పెద్ద తేడా కనిపించలేదు. నాది ఎల్‌సీడీ స్క్రీన్. దానికి వెనక లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, పైన నలుపు చూపించినంత మాత్రాన ఆరదు. నలుపు చూపించిన చోట లైటు ఆరిపోయే అమోలెడ్ స్క్రీన్ ఉన్నవాళ్లకి ఎంతో కొంత కలిసొస్తుంది.

అసలు కారణం సిగ్నల్. పక్కనున్న మనిషితో మామూలుగా మాట్లాడతాం, పొలం అవతలి గట్టు మీదున్న మనిషిని పిలవాలంటే గట్టిగా అరవాలి. టవర్ దూరమయ్యే కొద్దీ ఫోన్ కూడా అలాగే ఎక్కువ పవర్‌తో సిగ్నల్ పంపాలి. మధ్యలో సిగ్నల్ పూర్తిగా పోతే మళ్లీ మళ్లీ వెతుకుతుంది. ఇదంతా స్క్రీన్ ఆరిపోయి, ఫోన్ జేబులో ఉన్నప్పుడే జరుగుతుంది. స్క్రీన్ టైమ్‌లో ఒక్క నిమిషం కూడా చేరదు. అందుకే ఎవరైనా "మా ఫోన్‌కి ఎనిమిది గంటల స్క్రీన్ టైమ్ వస్తుంది" అంటే, ఆ ఎనిమిది గంటలు ఎక్కడ కూర్చుని వాడారు అని అడుగుతాను. అది తెలియకుండా ఆ అంకెతో నాకు ఉపయోగం లేదు.

ఇది తెలిశాక ఊరికీ ఊరికీ మధ్య ఏరోప్లేన్ మోడ్ పెట్టుకోవడం మొదలుపెట్టాను. రోజు చివర మునుపటి కంటే పది, పదిహేను శాతం ఎక్కువ మిగిలేది. బ్యాటరీ సేవర్ కూడా వాడి చూశాను కానీ అది వెనకాల నడిచే మా కంపెనీ యాప్‌ని ఆపేసింది. రెండు విజిట్లు ఎక్కలేదు, మేనేజర్‌కి సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. నా పనికి అది కుదరదు.

ఇక అసలు విషయం. 2025 జనవరి, సంక్రాంతి వెళ్లిన వారం. చర్లలో ఆఖరి మెడికల్ షాపు చూసుకుని బయటికి వచ్చేసరికి ఆరుంపావు. ఏజెన్సీ చలి గురించి ఈ ప్రాంతం వాళ్లకి చెప్పక్కర్లేదు, అప్పటికే చేతులు కొంకర్లు పోతున్నాయి. ఫోన్‌లో 21 శాతం ఉంది. భద్రాచలానికి గంటన్నర, 21 చాలు అనుకున్నాను. బంకులో 300 పెట్రోల్ కొట్టించి, స్కానర్ తెరిచి, క్యూఆర్ కోడ్ సరిగా కనిపించక టార్చి వేశాను. అంతే, స్క్రీన్ నల్లబడిపోయింది. ఎక్కువ చార్జింగ్ ఉండగా ఆఫ్ అయింది కాబట్టి హ్యాంగ్ అయిందనుకున్నాను. బటన్ నొక్కి పట్టుకుంటే ఖాళీ బ్యాటరీ గుర్తు చూపించి మళ్లీ ఆరిపోయింది. పర్సులో ఆధార్ కార్డు, బండి కాగితాలు, ఒక ఇరవై నోటు.

పెట్రోల్ అప్పటికే ట్యాంకులో ఉంది. వెనక బండ్లు ఆగాయి. నోరెండిపోయింది. పెట్రోల్ కొట్టిన బంకు కుర్రాడు మంచివాడు. "బండి పక్కకి పెట్టుకో అన్నా, లోపల చార్జర్ ఉంది" అన్నాడు. క్యాషియర్ గదిలో చార్జర్ పెట్టి ఆన్ చేస్తే ఫోన్ లేచింది. శాతం చూసి నాకు మతిపోయింది. 22 ఉంది! ఆఫ్ అయినప్పుడు ఉన్న 21 ఎక్కడికీ పోలేదు. సరే అని వైరు తీసి బయటికి వచ్చి స్కాన్ చేయబోతే మళ్లీ ఆఫ్. చివరికి ఆ కుర్రాడే క్యూఆర్ స్టాండుని లోపలికి తెచ్చి నా ఫోన్ ముందు పట్టుకున్నాడు. చార్జర్ గుచ్చి ఉండగానే 300 కట్టాను. ఫోన్ లేచాక చూస్తే మా ఆవిడ నుంచి పదకొండు మిస్డ్ కాల్ మెసేజ్‌లు. ఏడింటికల్లా దుమ్ముగూడెం దాటతానని మధ్యాహ్నం చెప్పాను, ఆ టైముకి స్విచాఫ్ అని వస్తే ఆమె టెన్షన్ పడకుండా ఎలా ఉంటుంది? అక్కడే కూర్చుని 40 శాతం ఎక్కించుకుని ఇంటికి చేరేసరికి పది.

భద్రాచలంలో ఫోన్లు బాగుచేసే ఒకతనికి చూపించాను. బ్యాటరీ ముసలిదైపోయింది అన్నాడు. మరి 21 ఎలా చూపిస్తోంది అని అడిగితే అతను చెప్పిన పోలిక నాకు ఇప్పటికీ గుర్తుంది. "బోరులో నీళ్లున్నాయి సార్, ఊట తగ్గింది. సన్నగా తోడుకుంటే వస్తాయి. మోటారు ఒక్కసారిగా గట్టిగా లాగితే నీళ్లు కిందికి పోయి గాలి కొడుతుంది. ఆపి కాసేపు ఆగితే మళ్లీ ఊరతాయి." కెమెరా, టార్చి, నెట్‌వర్క్ మూడూ ఒక్కసారిగా లాగాయి. పాతబడిన బ్యాటరీ లోపలి నిరోధం పెరిగి ఉంటుంది కాబట్టి అంత కరెంటు ఇవ్వబోతే వోల్టేజీ ఢమాలున పడిపోయింది, ఫోన్ ఆఫ్ అయింది. భారం తీసేయగానే వోల్టేజీ మళ్లీ లేచింది, అంకె మళ్లీ కనిపించింది. చలికి ఆ నిరోధం ఇంకా పెరుగుతుందని కూడా అతనే చెప్పాడు.

చలికాలంలో బయటపడింది కానీ బ్యాటరీని పాడుచేసింది ఎండాకాలమే అని నా నమ్మకం. లిథియం అయాన్ బ్యాటరీకి వేడి పడదు, నిండా చార్జింగ్‌తో ఉన్నప్పుడు వేడి అసలు పడదు. యాపిల్ తన ఫోన్లను 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడమని చెబుతుంది. మా దగ్గర ఏప్రిల్, మే నెలల్లో 40 దాటడం మామూలు. నేను 2023లో, 2024లో రెండు ఎండాకాలాలు ఫోన్‌ని బైకు హ్యాండిల్ మీద స్టాండులో పెట్టుకుని తిరిగాను. పట్టుకుంటే చెయ్యి కాలేది. అలా వాడటం నా తప్పే, ఒప్పుకుంటాను.

కానీ బ్యాటరీ ఇంత బలహీనపడిందని ఫోన్ నాకు ఒక్కసారైనా చెప్పి ఉండాల్సింది. ఐఫోన్లలో 2018 నుంచి బ్యాటరీ సామర్థ్యం ఎంత మిగిలిందో చూపిస్తున్నారు. నా ఫోన్ సెట్టింగ్స్ అంతా వెతికితే ఒక మూల బ్యాటరీ హెల్త్ 'గుడ్' అని ఉంది. బంకులో ఆఫ్ అయిన మర్నాడు కూడా 'గుడ్' అనే ఉంది. అతివేడి, అతివోల్టేజీ లాంటివి లేవని దాని అర్థం, బ్యాటరీ వయసుతో దానికి సంబంధం లేదు. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి కొత్తగా మార్కెట్లోకి వచ్చే ఫోన్ల బ్యాటరీలు 800 సార్లు పూర్తిగా చార్జ్ అయ్యాక కూడా 80 శాతం సామర్థ్యం నిలుపుకోవాలని నిబంధన పెట్టారు. నా బ్యాటరీకి ఆ జనవరికి ఏడెనిమిది వందలు అయి ఉంటాయి. ఇక్కడ అంత నిబంధన లేకపోయినా పర్వాలేదు, ఎన్నిసార్లు చార్జ్ అయిందో, ఎంత మిగిలిందో చూపిస్తే నా జాగ్రత్తలో నేనుంటాను కదా.

మార్చిలో ఖమ్మం వెళ్లి సర్వీస్ సెంటర్లో కంపెనీ బ్యాటరీ వేయించాను. 1,900 అయింది. బయట తొమ్మిది వందలకే వేస్తామన్నారు, ధైర్యం చాలలేదు. ఇంత తేడా వస్తుందని అనుకోలేదు. కొత్త ఫోన్‌కి ఇరవై వేలు పక్కన పెట్టుకుని ఉన్నాను, ఆ అవసరమే రాలేదు. చర్ల రూటులో ఐదింటికి 45 శాతం ఉంటోంది. కెమెరా, టార్చి కలిపి వేసి చాలాసార్లు చూశాను, 15 శాతం దగ్గర కూడా ఆఫ్ కాలేదు. ఈ ఎండాకాలం హ్యాండిల్ స్టాండు తీసేశాను, ఫోన్ శాంపిల్స్ బ్యాగులో పెట్టుకుని తిరిగాను. రాత్రి 100 ఎక్కించి పొద్దున దాకా వైరుకి వదిలేయడం మానేసి, లేచాక పెడుతున్నాను.

అయితే ఇది పూర్తిగా బ్యాటరీ గొప్పతనం అని చెప్పలేను. అదే సమయంలో నా వాడకం కూడా మారింది. ఏ యాప్ ఎంతసేపు వాడామో చూపించే డిజిటల్ వెల్‌బీయింగ్ తెరిచి చూస్తే రోజుకి రెండు గంటల పైన చిన్న వీడియోలకే పోతోంది. డాక్టర్ దగ్గర పేషెంట్లు అయ్యేదాకా గంటల తరబడి కూర్చోవాలి, ఆ ఖాళీలో చూసేవాణ్ని. ఇప్పుడు రూటు మీద ఉన్నప్పుడు చూడను, ఇంటికి వచ్చాక వైఫైలో చూస్తాను. అంటే మొత్తం స్క్రీన్ టైమ్ పెద్దగా తగ్గలేదు, చోటు మారింది. ఆ 45లో కొత్త బ్యాటరీ వాటా ఎంత, ఈ మార్పు వాటా ఎంత అన్నది నేను విడదీయలేను.

కాబట్టి ఈ ఫోన్ కొనమంటావా అని అడిగితే, టౌన్‌లో, వైఫై దగ్గర ఉండేవాళ్లకి ఖమ్మంలో ఉన్నప్పటి నా మాటలే ఇప్పటికీ చెబుతాను. మా బావమరిది ఖమ్మంలో ఆఫీసులో కూర్చుని పనిచేస్తాడు, అదే పాత బ్యాటరీతో హాయిగా వాడుతున్నాడు. నాలా తిరిగేవాళ్లయితే రెండేళ్లకి ఒకసారి బ్యాటరీ మార్పించే ఖర్చు కూడా ధరలో కలుపుకుని చూసుకోండి. పాత ఫోన్‌తో ఉన్నవాళ్లు ఇంట్లో ఉన్నప్పుడే, 20 శాతం దగ్గర కెమెరా, టార్చి కలిపి వేసి చూడండి. ఆఫ్ అయితే బ్యాటరీ సంగతి తెలిసిపోతుంది.

కొత్త బ్యాటరీ ఇంకా చలికాలం చూడలేదు. దీపావళి వెళ్లింది, పొద్దున పూట మంచు మొదలైంది. ఈ సంక్రాంతి వెళ్లాక చర్ల నుంచి సాయంత్రం బయల్దేరేటప్పుడు ఎలా ఉంటుందో చూడాలి. అప్పటిదాకా ఫోన్ కవర్ వెనక పెట్టిన ఐదొందల నోటు అక్కడే ఉంటుంది.