సొంత పనా, నెల జీతమా: ఎవరికి మిగులుతుంది?

కుళాయి బాగుచేయడానికి వచ్చిన ప్లంబర్ 20 నిమిషాల్లో పని ముగించి ఎంత అడిగాడో చూస్తాం. దాన్ని 8 గంటలకు, నెల మొత్తానికి లెక్కగట్టి, "మన జీతం కంటే ఇతనికే ఎక్కువ వస్తోంది" అని తేల్చేస్తాం. లెక్క తప్పేది అక్కడే.

ఫోనెత్తి మాట్లాడటం, బండేసుకుని రావడం, పాత వాషర్ చూసుకుని అదే సైజుది వెతికి తేవడం, ఇవేవీ బిల్లులో ఉండవు. 8 గంటలు తిరిగితే డబ్బు పడేది 5 గంటలకే అనుకుందాం. వారానికి 5 రోజుల ఉద్యోగికి ఏడాదిలో 260 రోజులకు, అంటే 2,080 గంటలకు జీతం వస్తుంది. సెలవులు, జ్వరాలు కలిపి 30 రోజులు రాకపోయినా, అవి జీతంతో కూడిన సెలవులైతే కోత ఉండదు. ప్లంబర్ అదే 30 రోజులు ఆగితే మిగిలేవి 230 రోజులు, 1,150 గంటల డబ్బు. ఖర్చు పైసా లేకపోయినా గంటకు 1.8 రెట్లు తీసుకుంటే తప్ప ఉద్యోగితో సమానం కాడు. వచ్చినదాంట్లో ఐదో వంతు పనిముట్లకు, బండికి, బీమాకు పోతే రెండుంపావు రెట్లు కావాలి. ఊరికే మళ్లీ వచ్చి సరిచేసే పనులు, రాని బాకీలు ఇందులో కలపలేదు.

"వాళ్లు ట్యాక్స్ కట్టరుగా" అనే మాట ఒకటుంది. కొందరు ఎగ్గొడతారు, నిజమే. కానీ కాగితం మీద తక్కువ చూపించినవాడికి లోన్ కూడా తక్కువే వస్తుంది.

అలాగని ఉద్యోగం ఎప్పటికీ పదిలం అనుకోవడమూ భ్రమే. ఉద్యోగం పోతే ఆదాయం మొత్తం ఒక్కరోజులో ఆగిపోతుంది. పనివాడికి ఒక కస్టమర్ పోతే మిగతావాళ్లుంటారు. గిరాకీ పెరిగితే ఎవర్నీ అడగకుండా రేటు పెంచుకోవచ్చు, ఇద్దరు కుర్రాళ్లను పెట్టుకోవచ్చు. మోకాళ్లు మొరాయించే వయసుకి అలా పెట్టుకోకపోతే మాత్రం కష్టమే.

ఏడాదికి చేతికొచ్చేది ఒకటే అయితే నా ఓటు జీతానికే. గంట రేటు ఉద్యోగి గంట జీతానికి రెండుంపావు రెట్లు దాటి, రాబోయే నెలలకూ పని ఖాయమై ఉంటే సొంత పనే మేలు. బాకీ గట్టిగా అడిగే నోరు లేనివాళ్లకు, పనితనం ఎంతున్నా, టెన్షన్ లేని జీతమే నయం.